వాన వద్దన్న తిమ్మక్క

అనంతపురం నేలమీద వాన వద్దని దేవుణ్ణి అడిగిన మనిషి ఒక్కరే ఉంటారని నా నమ్మకం. ఆ మనిషి పేరు తిమ్మక్క. మా కాలనీలో చివరి వరుసలో రేకుల ఇల్లు ఆమెది. ఆమె చేత ఆ ప్రార్థన చేయించినవాణ్ణి నేను. నా పేరు విజయభాస్కర్. హైస్కూల్లో తెలుగు చెబుతాను, మా చర్చి సంఘానికి కార్యదర్శిని. ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ మబ్బు పట్టిందంటే ముందు తిమ్మక్క ఇంటివైపు చూస్తాను.

రాప్తాడు దాటి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఇక్కడ వానను ఎవరూ తమాషాకు కూడా ఒక్క మాట అనరు. పెళ్లి పందిట్లో వాన కొడితే పెళ్లికొడుకు తండ్రి తడుస్తూనే నవ్వుతాడు. శవాన్ని మోసుకుపోతుంటే వాన పడిందనుకోండి, పోయినవాడు ఎంత పుణ్యాత్ముడో అని చెప్పుకుంటారు, వాడు బతికుండగా ఎంత దొంగవెధవ అయినా సరే. అలాంటి చోట పుట్టి పెరిగి నేను చేసిన పని వింటే మీరు నన్ను కొట్టినా కొడతారు. కొట్టండి. ముందు తిమ్మక్క ఎవరో చెప్పనివ్వండి.

ఆమెకు అరవై నాలుగేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాయన ఆమెను తనకల్లు దగ్గర ఒకరింట్లో గొర్రెలు కాయడానికి వదిలిపెట్టాడు. ఉగాదికి వచ్చి తీసుకుపోతానన్నాడు. రాలేదు. తర్వాత ఏ ఉగాదికీ రాలేదు. పదిహేనేళ్లకు పెళ్లయి మా ఊరొచ్చింది. భర్త కంకర క్వారీలో దుమ్ము పీల్చి పీల్చి నలభై దాటకుండానే పోయాడు. ఒక్కతే కూతురు మహేశ్వరి, పెళ్లయి ధర్మవరంలో ఉంది. తిమ్మక్క కూలికి పోతుంది, వారానికి రెండుసార్లు చర్చి ఊడుస్తుంది, ఎవరైనా అన్యాయంగా మాట్లాడితే వాళ్లనూ ఊడ్చేస్తుంది.

ఆమె చర్చికి మొదటిసారి వచ్చింది పోట్లాడటానికి. ఇరవై మూడేళ్ల కిందటి మాట. మా మైకు ఆమె ఇంటివైపు తిరిగి ఉందని, చెవులు పగిలిపోతున్నాయని, చీపురు చేతపట్టుకుని గుమ్మంలో నిలబడింది. అప్పటి పాస్టరు, మా పాత అయ్యగారు, దేవుడు మనకు తండ్రి అని బోధ చేస్తున్నారు. బోధ అయ్యేదాకా ఆగి తిడదామనుకున్న మనిషి, అయ్యాక తిట్టడం మరిచిపోయి అడిగింది.

"ఏమయ్యా, నువ్వు చెప్పింది నిజమేనా? దేవుడు మనకు నాయనా?"

"నిజమేనమ్మా."

"యాడన్నా వదిలేసి పోతాడా?"

"పోడు."

"పిల్లోళ్లు తిడితే?"

"వింటాడు."

తిమ్మక్క అక్కడే గడప మీద కూలబడింది. ఆ రోజు ఆమె ముఖం నాకు బాగా గుర్తు. ఎవరో చచ్చిపోయారని విన్నప్పుడు ముఖం ఎలా పాలిపోతుందో అలా ఉంది. మేమంతా పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటున్నవాళ్లం, మాకు అది గోడమీద క్యాలెండర్ లాంటిది. ఆమెకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. రెండు రోజులు కూలికి కూడా పోలేదని తర్వాత చెప్పింది.

అప్పటి నుంచి ఆమె దేవుణ్ణి నాయనా అనే పిలిచింది. మేము పరిశుద్ధుడవు, మహోన్నతుడవు అని పుస్తకాల తెలుగులో ప్రార్థిస్తాం. ఆమె కొంగు చాచిపట్టుకుని గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. పక్కింటి ప్రతాప్ తాగి మోటార్‌సైకిల్ నడుపుతున్న రోజుల్లో ఆమె చేసిన ప్రార్థన కాలనీ మొత్తానికి నోటికొచ్చు. "నాయనా, వాని బండి చెడగొట్టు, వాన్ని చెడగొట్టాకు." వారం తిరక్కుండా బండి ఇంజను పట్టేసింది. ప్రతాప్ ఇప్పటికీ ఆమెను చూస్తే కోపంగా నవ్వుతాడు. ఊళ్లో ఓబులమ్మ ఎనుము మూడేళ్లు చూలు కట్టలేదు, తిమ్మక్క ప్రార్థన చేశాక కట్టింది. ఓబులమ్మ మా చర్చి మనిషి కాదు, అయినా ఆ ఏడు మొదటి జున్ను తిమ్మక్క ఇంటికి పంపింది.

జరగనివి కూడా చాలా ఉన్నాయి. తన మొగుడి చెల్లెలు బతకాలని నెల రోజులు ఏడ్చింది, ఆమె బతకలేదు. అలాంటివి ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేనొకసారి ఆ మాట అంటే తిమ్మక్క ఏమాత్రం తడుముకోలేదు. "నేనడిగేది అడుగుతా. ఆయన చేసేది చేస్తాడు. నాయనా బిడ్డా మాట్లాడుకుంటాంటే మధ్యలో నీ పంచాయితీ ఏందిరా?" అంది. మాకే అది ఎక్కలేదు. మేము ఆమెను ఇంట్లో లైటు స్విచ్చి చేసిపెట్టాం, నొక్కితే వెలగాలన్నట్టు.

పోయిన ఏడు ఆగస్టు మొదట్లో ఒక వాన పడింది. తర్వాత ఇరవై ఆరు రోజులు చుక్క లేదు. శెనక్కాయ, అంటే వేరుశెనగ, పంట సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పూత నేలపైన పూస్తుంది. పూత అయ్యాక ఒక సన్నటి కాడ నేలలోకి దిగాలి, దాన్ని ఊడ అంటాం. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది, దిగితేనే కాయ. ఆ ఇరవై ఆరు రోజుల్లో ఎర్రనేల పెంకు కట్టింది. ఊడలు దిగే చోటు లేక గాలిలో వేలాడుతున్నాయి. పొద్దున పదికల్లా ఆకులు ముడుచుకుంటున్నాయి. ఒక్క వాన చాలు అని ఊరంతా ఆకాశం కేసి చూస్తోంది.

సరిగ్గా అప్పుడే మా సువార్త మహాసభలు వచ్చాయి. మూడు సాయంత్రాలు. మే నెలలోనే తేదీలు పెట్టుకున్నాం, షామియానా మాట్లాడుకున్నాం, కోస్తా నుంచి ప్రసంగీకుణ్ణి పిలిచాం. మా ప్రవీణ్ అయ్యగారిది బాపట్ల వైపు. మా ఊరికొచ్చి అప్పటికి రెండేళ్లు. మంచి మనిషి, ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే ఆసుపత్రికి తీసుకుపోతాడు. సభలకు రెండు రోజుల ముందు కమిటీ కూర్చుంటే ఆయన ఫోన్ చూసి కంగారు పడ్డాడు. మూడు రోజులూ వాన బొమ్మే చూపిస్తోంది.

"ఈ మూడు రోజులూ వర్షం ఆగేలా ప్రార్థన చేద్దామండి. మావైపు సభలు పెట్టినప్పుడల్లా ఇలాగే చేస్తాం" అన్నాడు.

 కమిటీలో ఆరుగురం, ఆరుగురమూ ఈ నేలలో పుట్టినవాళ్లమే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయనకు తెలియదు పాపం, వాళ్లవైపు వానంటే వరద, తుఫాను, మునిగిన వరిచేలు. మాకు తెలుసు. ఒక్కడు నోరు విప్పితే అయిపోయేది. మేము పెద్దమనుషులం కదా, అయ్యగారి మాటకు అడ్డు చెప్పం. ఆరు నోళ్లూ ఆమెన్ అన్నాయి. అందులో గట్టిగా అన్నది రాజేంద్ర, నాకంటే పెద్దవాడు, సంఘ పెద్ద. "తిమ్మక్కతో చేపిద్దాం, ఆయమ్మ అడిగితే తిరుగుండదు" అన్నది కూడా ఆయనే. ఆమెను ఒప్పించే పని నాకు అప్పగించారు.

ఆ మధ్యాహ్నం తిమ్మక్క గుమ్మంలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. నేను సంగతి చెప్పాను. చేట ఆగిపోయింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమిరా బాస్కరా, ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"మూడు దినాలే కదా తిమ్మక్కా."

"ఆ మాట శెనక్కాయ చెట్టుకు చెప్పు పో, మూడు దినాలు ఓర్చుకో అని. వాన వద్దనల్లనా? నా నోటితోనా? నాకు ఇయ్యి అనేది వచ్చు. వద్దు అనేది రాదురా."

నేను ఊరుకోవలసింది. పాఠాలు చెప్పే నోరు కదా, ఊరుకోలేదు. వందలమంది దేవుని మాట వింటారని, పంట పోతే మళ్లీ ఏడు వస్తుంది కానీ ఆత్మ నశిస్తే రాదని, నాలుగో రోజు ఇవ్వలేనంత లేనివాడా ఆయన అని, ఇలా ఒకటి మీద ఒకటి పేర్చాను.  నా మాటలయ్యాక ఆమె తలెత్తింది.

"నువ్వు చదువుకున్నోనివి. బైబిలు మొత్తం తెలిసినోనివి. నిజం చెప్పు. ఇది ఆయనకు ఇష్టమేనా?"

నాకేం తెలుసు? తెలియదనాలి. "ఇష్టమే" అన్నాను.

ఎప్పుడూ కొంగు చాపే మనిషి ఆ రోజు చాపలేదు. చేటమీద చేతులు పెట్టుకునే కళ్లు మూసుకుంది. "నాయనా, ఇది నీకిష్టమని బాస్కరుడు చెప్తాండాడు. మూడు దినాలు వాన ఆపు." అంతే. కళ్లు తెరిచి, "ఇంగ పో" అంది. నేను వీధి మలుపు తిరిగేదాకా చేట చప్పుడు మళ్లీ వినపడలేదు.

మొదటి సాయంత్రం పాటలు మొదలయ్యే వేళకు దక్షిణం నుంచి మబ్బు లేచింది. అంత నల్లటి మబ్బు నేను రెండేళ్లలో చూడలేదు. ఎక్కడో పడుతున్న వాన వాసన గాలిలో వచ్చింది. షామియానా గుడ్డ టపటపా కొట్టుకుంది. మా సభా స్థలం పక్కనే రాఘవేంద్ర చేను, ఏడెకరాల శెనక్కాయ. రాఘవేంద్ర ఊళ్లో రైతు, యాభై ఏళ్లవాడు, కదిరి నరసింహస్వామి భక్తుడు. తిమ్మక్క ముప్పై ఏళ్లుగా కూలికి పోయేది వాళ్ల చేనికే. అతను గట్టుమీద నిలబడి, భుజం మీది టవలు తీసేసి, చొక్కా కూడా విప్పేశాడు. తడవడానికి సిద్ధంగా ఉన్నాడు.

పది నిమిషాలు. గాలి తిరిగింది. మబ్బు ధర్మవరం వైపు జరిగిపోయింది. ఒక్క చుక్క రాలలేదు.

పందిట్లో చప్పట్లు మోగాయి. ప్రవీణ్ అయ్యగారు సంతోషం పట్టలేక మైకు అందుకున్నాడు. "మన తిమ్మక్క ప్రార్థన దేవుడు ఆలకించాడు! ఈ మూడు రోజులూ వర్షం ఆపమని అడిగింది, ఆపాడు!"

మైకు హారన్లు నాలుగు. అందులో రెండు ఊరివైపు తిరిగి ఉన్నాయి.  చప్పట్లు కొడుతున్న చేతులు మధ్యలో ఆగిపోయాయి. రాఘవేంద్ర గట్టుమీద, చొక్కా చేతిలో పట్టుకుని, మావైపు తిరిగి చూస్తున్నాడు. ముందు వరుసలో చాపమీద కూర్చున్న తిమ్మక్క లేచి, ఎవరి కాలు తొక్కుతుందో కూడా చూడకుండా బయటికి పోయింది.

మర్నాడు పొద్దున్నే రాఘవేంద్ర చర్చి దగ్గరికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. నేను, అయ్యగారు బయటే ఉన్నాం.

"ఏమప్పా సారూ, రాత్రి మైకులో చెప్పింది నిజమేనా?"

నేను సిగ్గు లేకుండా అన్నాను, "మైకులో మాట తప్పుగా పోయిందన్నా. మంచి వాతావరణం ఇచ్చినందుకు వందనాలు చెప్పినాము, అంతే."

చీపురుతో లోపలి నుంచి తిమ్మక్క వచ్చింది. "అబద్ధం చెప్పాకు బాస్కరా" అంది. రాఘవేంద్ర వైపు తిరిగింది. "నిజమే అప్పా. నేనే అడిగినా. వాన ఆపమని."

తర్వాతి మాట నా పేరే అనుకున్నాను.  ఆమె చెప్పలేదు. నా వైపు కన్నెత్తి చూడనైనా లేదు.

రాఘవేంద్ర నవ్వేసి ఉండవచ్చు. మా దేవుడికీ అతనికీ సంబంధం లేదు, ముసలామె ఏదో గొణుక్కుంటే మబ్బులు ఆగుతాయా అనవచ్చు. అనలేదు. అతని ముఖం మాడిపోయింది. ఆమె ప్రార్థనంటే మాకంటే అతనికే ఎక్కువ నమ్మకం ఉన్నట్టుంది.

"ఏంటికి తిమ్మక్కా? ఆ చేన్లో సాలు వెంబడి గింజ ఏసింది నువ్వే కదా" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. టవలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ప్రవీణ్ అయ్యగారు అప్పటికి చేను వైపు మొదటిసారి నిజంగా చూస్తున్నట్టు చూశాడు. "నాకు తెలియదు భాస్కర్ గారూ. మీరంతా ఇక్కడివాళ్లే కదా, ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాడు. 

సభలు ముగిశాయి. ఆకాశం ఊడ్చిపెట్టినట్టు ఉంది. నాలుగో రోజు వాన రాలేదు. ఐదో రోజు రాలేదు. పది రోజులైనా రాలేదు. ఊళ్లో ఎవరూ తగవుకు రాలేదు కానీ తిమ్మక్కను కూలికి పిలవడం మానేశారు. ఆమె టీ అంగడి ముందు నడిస్తే మాటలు ఆగిపోయేవి. జున్ను పంపిన ఓబులమ్మ దారిలో ఎదురై ముఖం తిప్పుకుంది. అదంతా చూస్తూ నేను బడికి పోయి వస్తూనే ఉన్నాను. చేయించింది నేనని కమిటీ దాటి ఎవరికీ చెప్పలేదు. ఊరి పిల్లలకు పాఠం చెప్పే సారును కదా, పరువు పోతుందని భయం. నా భార్యకు కూడా చెప్పలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. తిమ్మక్క ప్రార్థించడం మానేసింది. ఆదివారం అందరూ కళ్లు మూసుకుంటే ఆమె ఒక్కతే కళ్లు తెరిచి గోడ చూస్తూ కూర్చుంది. నేనూ అయ్యగారూ ఆమె ఇంటికి పోయాం. ఆయన ఎంతో ఓపికగా చెప్పాడు, మబ్బు గాలిని బట్టి పోయిందని, ఆమె అడిగినందువల్ల ఆగలేదని, దేవుడు అలాంటివాడు కాదని, మనసులో పెట్టుకోవద్దని.

తిమ్మక్క అంతా విన్నది. "అయ్యగారూ, ఒక మాట చెప్పు. నేను వద్దంటే ఆయన విన్నాడనుకో. అందరి కడుపు కొట్టే మాట వినేవాడు ఏం నాయన? లేదు, వినలేదనుకో. ఇరవై రెండేండ్లు నేను ఎవురితో మాట్లాడినా?"

 ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా రాని ప్రశ్న అది. పాస్టర్లు చదివే వేదాంత కళాశాలలో నాలుగేళ్లు చదివిన అయ్యగారు చివరికి నేలమీదే కూర్చున్నాడు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు.

పాస్టరు నోటి నుంచి ఆ మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు. తిమ్మక్క "తెలీకపోతే తెలీదను, అదే మేలు. తెలుసన్నోళ్లతోనే కదా ఇంత జరిగింది" అంది. ఆ దెబ్బ నాకే అని అయ్యగారికి అర్థం కాలేదు.

సభలైన పద్నాలుగో రోజున, ఆదివారం, మా కాలనీ పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి తిమ్మక్కకు పిచ్చి పట్టిందన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. రాఘవేంద్ర చేన్లో ఉంది. కాలనీ కొళాయి దగ్గర ప్లాస్టిక్ బిందె నింపుకుని, నెత్తిన పెట్టుకుని అర కిలోమీటరు నడిచి, ఒక్కొక్క చెట్టు మొదట్లో దోసిలితో నీళ్లు పోస్తోంది. అప్పటికి ఒక సాలు అయింది. ఏడెకరాల్లో ఎన్ని సాళ్లుంటాయో ఆమెకు నాకంటే బాగా తెలుసు. పాదాల నుంచి రక్తం కారుతోంది. నేను గట్టు దిగలేకపోయాను. అక్కడే వేపచెట్టు చాటున ఆగిపోయాను.

రాఘవేంద్ర ఎదురుగా వచ్చాడు.

"ఏం చేస్తాండావు తిమ్మక్కా?"

"ఆపింది నేను కదా అప్పా. పోస్తాండా."

 అతను ఆమె చేతిలో బిందె తీసుకుని కింద పెట్టాడు. "ఇట్లయితే ఏ కాలానికి? నువ్వు ఆయన్ను మళ్లా అడుగు."

"ఏ మొగం పెట్టుకోని అడిగేది?"

"నా కొడుకు నాకు చెప్పకుండా ట్రాక్టరు తీసుకోని పోయి గుంతలో పడేసి వచ్చినాడు, నీకు తెలుసు కదా. ఇంటికొస్తే ఏ మొగంతో అన్నం అడుగుతావురా అని అన్నానా? ముందు తినమంటి. మీ దేవుడు నాకన్నా కానివాడా?"

   మా చర్చిలో ఎవరూ ఆమెకు చెప్పలేని మాట, మా చర్చి గడప తొక్కని మనిషి చెప్పాడు.

"కానివాడు కాదప్పా" అంది తిమ్మక్క. అని, ఆ సాలులోనే కూలబడి, పెద్దగొంతుతో అరిచింది. "నాయనా! నేను వద్దంటే వద్దా? ఇంటికి పెద్దోనివి కాదా నువ్వు? బిడ్డ తెలివి లేక ఏదో కూస్తే తలుపు మూసేస్తావా? నువ్వు మూసినావో, అదే మూసుకోనుండాదో నాకు తెలీదు. అడిగింది మాత్రం తప్పే. ఇంగ నా మాట పక్కన పెట్టు. ఈయప్ప మొగం చూడు. ఈ చెట్ల మొగం చూడు."

దేవుణ్ణి ఎవరైనా అంత గట్టిగా కోప్పడటం నేను వినలేదు. రాఘవేంద్ర తలగుడ్డ తీసి నిలబడ్డాడు. ఆ ప్రార్థనలో నా పేరు మళ్లీ లేదు.

ఆ రోజు వాన రాలేదు. మర్నాడు రాలేదు. గురువారం మధ్యాహ్నం, బడిలో నేను సంధులు చెబుతుండగా, ఎవరూ ఎదురుచూడని వేళ వచ్చింది. మూడు గంటలు ఏకధాటిగా కురిసింది. పిల్లలు తరగతి వదిలి బయటికి ఉరికారు, నేను ఆపలేదు. అప్పటికే సగం పంటకు అదను దాటిపోయింది. రాఘవేంద్రకు ఆ ఏడు సగం కాయలే వచ్చాయి. అలా అయిపోయింది, దానికి మందు లేదు.

ఆ వాన తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ, రాజేంద్ర లేచి, "మన తిమ్మక్క అడిగితే దేవుడు వాన ఇచ్చినాడు, ఆయమ్మ సాక్ష్యం చెప్పల్ల" అన్నాడు. రెండు మూడు చప్పట్లు కూడా పడ్డాయి. అయ్యగారు చేయెత్తి వాటిని ఆపాడు. తిమ్మక్క లేచి నిలబడింది.

"నేను అడిగినందుకు రాలే వాన" అంది.



"నేను అడిగింది చేన్లకు. ఆయన గుట్ట మింద పోసినాడు, తారు రోడ్డు మింద పోసినాడు, ఊరి శ్మశానంలో పోసినాడు. ఆడ ఎవురడిగినారు? నేనడిగితే వచ్చేదీ, నేను వద్దంటే పొయ్యేదీ అయితే అది వాన కాదు, నా ఇంట్లో కుక్క. ఇంగ ఎవురూ నన్ను అట్ల పిలవద్దండి."

"అట్లయితే అడిగేది ఏంటికి తిమ్మక్కా?" అన్నాడు రాజేంద్ర, తల తిరిగినవాడిలా.

"ఇంట్లో నాయన ఉండంగా మాట్లాడకుండా ఎట్లుండేది?" అంది. కూర్చోబోయి ఆగింది. "నేను చేసింది నేను చెప్పుకున్నా. చెప్పుకోవాల్సినోళ్లు ఇంకా ఎవురన్నా ఉంటే చెప్పుకోండి." ఈసారి కూడా నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం అన్నం తినకుండానే రాఘవేంద్ర ఇంటికి పోయాను. గడప బయటే నిలబడి, ముందే నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు కక్కేశాను.

"రాఘవన్నా, ఆ ప్రార్థన చేయించింది నేను. ఆయమ్మ చెయ్యనంటే, దేవునికి ఇష్టమని చెప్పి చేపించినా. నాకు తెలీకపోయినా చెప్పినా."

కొడతాడనుకున్నాను. ఉమ్మేస్తాడనుకున్నాను.

"తెలుసు" అన్నాడు.

 "ఎవరు చెప్పినారు?" అని అడిగాను.

"ఎవురు చెప్పాల? ముప్పై ఏండ్లు మా చేన్లో ఉన్న మనిషి. వాన వద్దని ఆయమ్మ తనంతట తాను అడుగుతాదా? ఆ పొద్దున నువ్వు మైకు మింద నెపం పెట్టినప్పుడే తెలిసిపాయె. నువ్వు ఎప్పుడొస్తావా అని చూస్తాండా."

"ఇన్ని దినాలా?"

"ఊఁ. నిలబడే ఉంటావేమప్పా, లోపలికి రా."

మనం నోరు తెరవకముందే దేవునికి అంతా తెలుసు, తెలిసీ మన కోసం కాచుకుని ఉంటాడు అని ఆదివారం బడిలో పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. దాన్ని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదని ఆ గడప దగ్గర తెలిసింది. ఏడుపు ఆగలేదు. రాఘవేంద్ర కుర్చీ నా వైపు జరిపి, లోపలికి తిరిగి ఎవరినో మంచినీళ్లు తెమ్మన్నాడు.